సేవ కాదు, శిష్యరికం: మిషనరీల తెలుగును మన సాహిత్య చరిత్ర చదువుతున్న తీరుపై ఒక అభ్యంతరం

తెలుగు సాహిత్య చరిత్రలో క్రైస్తవ మిషనరీల ప్రసక్తి వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది: ‘తెలుగు సేవ’. వ్యాకరణం రాసినవారు సేవ చేశారు. నిఘంటువు కూర్చినవారు సేవ చేశారు. బైబిలును అనువదించినవారు సేవ చేశారు. ఈ వ్యాసకర్త పరిశోధనాంశం శీర్షికలో కూడా మొదట ఈ మాటే ఉండేది. రెండేళ్లపాటు ఆ గ్రంథాలతో గడిపిన తరువాత దానిని తొలగించవలసి వచ్చింది. మర్యాద కోసమే వాడుతున్నా, ఆ మాట జరిగిన సంగతిని తలకిందులు చేస్తుంది. సేవ అన్నప్పుడు ఇచ్చినవాడు విదేశీయుడు, పుచ్చుకొన్నది తెలుగు అవుతుంది. వాస్తవానికి ముందుగా చేయి చాపినవాడు విదేశీయుడే. తన విశ్వాసాన్ని పరదేశంలో చెప్పదలచినవాడు మొదట ఆ దేశపు భాషకు విద్యార్థి కావాలి. విద్యార్థి ఉన్నచోట గురువు ఉంటాడు. ఆ గురువును మన సాహిత్య చరిత్ర విస్మరించిందన్నదే ఈ వ్యాసం వాదం.

దీనికి ఎదురుగా మరొక వైఖరి కూడా ఉంది. ‘పాదిరి తెలుగు’ అని ఆ రచనలను ఒక్క మాటతో తీసిపారేయడం. పైకి ఈ రెండు వైఖరులూ పరస్పర విరుద్ధాలు. లోతుగా చూస్తే రెండింటిదీ ఒకే లోపం. పొగిడేవారి దృష్టీ, వెక్కిరించేవారి దృష్టీ విదేశీయుడి మీదనే నిలిచాయి. అతని పక్కన కూర్చుని వాక్యాన్ని దిద్దిన తెలుగువాడు ఇద్దరికీ కనిపించలేదు.

ముద్రణ చరిత్ర చెప్పేది

జర్మనీలోని హాలె నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకొని 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. బైబిలు అనువాదానికీ పూనుకొన్నాడు. ఆ వ్యాకరణం ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. బైబిలు అనువాదం ముద్రణకే నోచుకోలేదు. స్వదేశానికి తిరిగి వెళ్లిన తరువాత 1746–47లలో హాలెలో ఆయన ముద్రింపజేసిన చిన్న పుస్తకాలను తొలి తెలుగు ముద్రిత గ్రంథాలుగా పరిగణిస్తున్నాం. తొలి అచ్చు అన్న గౌరవం వాటికి దక్కవలసిందే. కానీ అవి అచ్చయిన ఊళ్లో తెలుగు మాతృభాషగా గల పాఠక సమాజం లేదు. పుస్తకాన్ని చదివి, ఈ మాట ఇలా అనరని చెప్పే వాడుకరుల నడుమ అవి పుట్టలేదు. తరువాతి అనువాదకులు ఆ పనిని మళ్లీ మొదటినుంచి చేపట్టారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

విశాఖపట్నం ఉదాహరణ ఇందుకు భిన్నమైనది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అక్కడికి చేరారు. వారి అనువాదంలో ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు పాలుపంచుకొన్నాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. వారు ప్రారంభించిన సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో. అచ్చు పుస్తకం వెలువడే నాటికి ఇద్దరు విదేశీయులూ లేరు. అయినా మన జాబితాలలో ‘అనువాదకులు’ అన్న గడిలో ఆ ఇద్దరి పేర్లూ, ‘సహాయకుడు’ అన్న గడిలో ఆనందరాయరు పేరూ ఉంటాయి. కొన్నిచోట్ల ఆ రెండో గడి కూడా ఉండదు. నాలుగైదేళ్ల కిందట భాష నేర్చుకోవడం మొదలుపెట్టినవారు కర్తలు, పుట్టినప్పటినుంచి భారతీయ భాషల నడుమ బతికినవాడు సహాయకుడు కావడం ఏ ప్రమాణం ప్రకారం? బెంగాల్లో నివసించిన విలియం కేరీ పేర 1814లో తెలుగు వ్యాకరణం వెలువడినప్పుడూ ఇదే ప్రశ్న వేయాలి. తెలుగుదేశంలో కాపురం లేని మనిషి తెలుగు వ్యాకరణం రాశాడంటే, అతని దగ్గరికి తెలుగు నడిచి వెళ్లిందనే అర్థం. ఆ నడిచివెళ్లిన పండితులు కూడా ఆ గ్రంథ చరిత్రలో భాగమే.

మాటలలో మిగిలిన సాక్ష్యం

పేర్లు దొరకనిచోట ఆధారం ఎక్కడిదని అడగవచ్చు. ఆధారం ఆ రచనల భాషలోనే ఉంది. తెలుగు బైబిలులోని ‘మారుమనస్సు’ అన్న మాటను చూడండి. గ్రీకు మూలంలో ఆ పదానికి మనసు మారడం అన్న భావం ఉంది. ‘పశ్చాత్తాపం’ అన్న సంస్కృత సమం అప్పటికే సిద్ధంగా ఉంది. కానీ అది చేసినదానికి తరువాత కలిగే తాపాన్ని చెబుతుంది. మనిషి మరొకడు కావడాన్ని చెప్పదు. తెలుగులో ‘మారుపేరు’, ‘మారువేషం’, ‘మారుతల్లి’ అన్న మాటలున్నాయి. ఆ వరుసలో ‘మనస్సు’ను చేర్చి ఒక మిశ్ర సమాసాన్ని నిలిపారు. నిఘంటువు వెతికి చేసే పని కాదిది. ‘మారు’ అన్న మాట ఏయే మాటలతో చెలిమి చేస్తుందో చిన్ననాటినుంచి విన్న చెవి చేసే పని. దీనిని విదేశీయుల సేవ ఖాతాలో వేయడం న్యాయం కాదు. పాదిరి తెలుగు అని నవ్వడం అంతకన్నా న్యాయం కాదు.

దేవుణ్ణి ‘నీవు’ అని సంబోధించడం మరొక ఉదాహరణ. మర్యాద తెలియని విదేశీయుడు ఏకవచనం వాడాడని కొందరు తేలికగా అంటారు. తెలుగు భక్తి సంప్రదాయం తెలిసినవారు అనవలసిన మాట కాదది. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు తమ దైవాన్ని ఏకవచనంతోనే పిలిచారు, నిలదీశారు కూడా. ‘మీరు’తో ప్రార్థన మొదలుపెడితే దేవుడు కచేరీలో కూర్చున్న అధికారిలా వినిపిస్తాడు. తెలుగు క్రైస్తవ ప్రార్థన ఈ సంప్రదాయానికి పొందికగా నడిచింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కూర్చిన క్రైస్తవ కీర్తనలు ఆ పొందికకు బలమైన సాక్ష్యం. ఆయన రచనను మిషనరీ సాహిత్యమని విడిగా పెట్టి, కీర్తన సాహిత్య చరిత్రలో చోటివ్వకపోవడం మన వర్గీకరణలోని లోపం.

రెండో బడి

మిషనరీకి మున్షీ ఒక్కడే గురువు కాడు. మున్షీ దగ్గర నేర్చినది పుస్తకాల తెలుగు. దానితో పల్లెకు వెళ్లినవాడికి అక్కడ మరో తెలుగు ఎదురైంది. 1873లో ఆర్డెన్ ప్రచురించిన తెలుగు వ్యాకరణం, వాడుకలోని రూపాలను గ్రాంథిక రూపాల పక్కన నిలిపి విద్యార్థికి చూపించడానికి కారణం ఈ అవసరమే. ‘బాలవ్యాకరణం’ వెలువడి అప్పటికి పదిహేనేళ్లు. తెలుగు పండితలోకం కావ్యభాషకు సూత్రాలు స్థిరపరుచుకొంటున్న కాలంలో, జనం మాటను వినక తప్పని అవసరం ఈ విద్యార్థులకు కలిగింది. ఆ వినికిడి ఔదార్యం వల్ల వచ్చినది కాదు. ఎదుటివాడికి అర్థం కాకపోతే వచ్చిన పని జరగదు.

ఒంగోలు చరిత్ర దీనిని మరింత స్పష్టంగా చూపిస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. ఆయనకు మాదిగపల్లెల తలుపు తెరిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసిన పేరయ్య క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో సాధన చేసినవాడు. ఆత్మ, గురువు, ముక్తి అన్న మాటలు ఆయనకు కొత్తవి కావు. కొత్త విశ్వాసాన్ని ఆ పాత మాటలలోకి తెచ్చి పల్లెకు వినిపించగల శక్తి ఆయనది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి తరచు ఉదహరిస్తారు. ఆ రోజు నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులన్న సంగతి అంత తరచుగా ఉదహరించరు. కరవు, కులం, ఆకలి ఆ సంఘటనలో ఎంత పాత్ర వహించాయన్నది వేరే చర్చ. భాషాచరిత్రకు సంబంధించినంతవరకు, ఆ వేలమందితో మాట్లాడినది పల్లె తెలుగు, పల్లె మనుషుల నోట.

రెండు అభ్యంతరాలు

మున్షీకి జీతం ముట్టింది, కనుక కర్తృత్వం అడగడానికి లేదన్నది ఒక అభ్యంతరం. జీతం ఆ సంబంధంలోని అధికారాన్ని చెబుతుంది. పనిలోని పాలును చెరపదు. సి.పి. బ్రౌన్ మిషనరీ కాడు, కంపెనీ ఉద్యోగి. ఆయన పండితులూ జీతగాళ్లే. అయినా జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య పేర్లు నేటి తెలుగు విద్యార్థికి తెలుసు. బ్రౌన్ రాసిపెట్టాడు, బంగోరె వంటివారు ఆ కాగితాలు వెతికి వెలికితీశారు. అక్కడ సాధ్యమైన పని ఇక్కడ అసాధ్యం కాదు.

ఇది మతమార్పిడిని సమర్థించడమేనన్నది రెండో అభ్యంతరం. ఈ వ్యాసం ఏ మతం పక్షానా నిలవదు. విశ్వాసాన్ని అంగీకరించినా, తిరస్కరించినా, దానిని తెలుగు చేసినవారిని లెక్కలోకి తీసుకోవడం సాహిత్య చరిత్రకారుడి విధి. ఆ లెక్కలో మాల మాదిగ బోధకులు, పల్లె శ్రోతలు, పేరు మిగలని మున్షీలు ఉన్నారు. ‘సేవ’ అన్న మాట వాడిన ప్రతిసారీ వారి పనిని మరొకరికి దానం చేస్తున్నాం.

కనుక ఈ రంగంలో పనిచేసే పరిశోధకులకు మూడు సూచనలు. శీర్షికలలో ‘సేవ’ను మాని ‘అభ్యసనం’, ‘అనువాద సహకారం’ వంటి మాటలు వాడాలి. మిషను నివేదికలలోనూ, ఉత్తరాలలోనూ ఎదురయ్యే ప్రతి మున్షీ పేరునూ, బోధకుడి పేరునూ అనుక్రమణికలో చేర్చాలి. పేరు లేనిచోట ‘మారుమనస్సు’ వంటి మాటలను భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించి, అందులోని తెలుగువారి పాలును నిరూపించాలి. నా సిద్ధాంతగ్రంథం శీర్షిక ఇప్పుడు ‘తెలుగు నేర్చిన మిషనరీలు, నేర్పిన తెలుగువారు’. రెండో సగానికి ఆధారాలు సేకరించడం మొదటి సగంకన్నా కష్టంగా ఉంది. ఇంతకాలం ఆ సగాన్ని ఎందుకు వదిలేశామో ఆ కష్టమే చెబుతోంది.