కొరియా ప్రయాణమునకు పది మాటలు

పరభాషలు పండితులకే గాని పిల్లలకు గావని కొందరి మతము. మేమట్లు తలంపము. మన తిరుపతి వీధులలో బడి ముఖము చూడని వర్తకుడు సైతము అరవముననో, కన్నడముననో, హిందీలోనో యాత్రికునికి వెల చెప్పి దారి చూపుచున్నాడు. అతడు వ్యాకరణము చదువలేదు. అక్కరకు వచ్చు నాలుగు మాటలు నేర్చెను. కొరియా భాషకును మనమా మార్గమునే పట్టవలెను.

కొరియా మనకిప్పుడు దూరదేశము గాదు. పెనుగొండ చెంత ఎఱ్ఱమంచిలో కియావారి కర్మాగారమున 2019లో కార్ల నిర్మాణ మారంభమయ్యెను. మన జిల్లాలోని శ్రీసిటీలో 2025లో ఎల్‌జీవారి కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. మన బాలబాలికలలో కొందరు రేపు ఆ దేశమునకు పోవలసి రావచ్చును. టిక్కెట్టు వెల తానై అడుగలేనివాడు దళారి చెప్పిన వెలనే నమ్మవలసి యుండును.

మొదట లిపి. సెజోంగు రాజు 1446లో ప్రకటించిన హంగుల్ లిపిలో నేడు మూలాక్షరములు 24 మాత్రమే. పిమ్మట మాటలు. ఫ్యో యనగా టిక్కెట్టు, కిఛా, రైలు, యోక్, స్టేషను, కొంగ్‌హాంగ్, విమానాశ్రయము, ఛుల్‌బాల్, బయలుదేరుట, దోఛాక్, చేరుట, ఫ్యోన్దో, పోవుటకు మాత్రము, వాంగ్‌బోక్, పోయి వచ్చుటకు, ఓల్మా, ఎంత, ఓది, ఎక్కడ. ఫకార ఛకారములను ఒత్తి పలుకవలెను.

వాక్యము మనకు సులభము. క్రియ మన భాషలో వలెనే తుదను వచ్చును. "ఫ్యో దూ జాంగ్ జుసెయో" యన్నచో "టిక్కెట్లు రెండు ఇయ్యండి" యని యర్థము. చివరి "యో" మన "అండి" వలె మర్యాదను తెలుపును. 1886లో ఉపాధ్యాయుడై సియోలు చేరిన అమెరికా దేశీయుడు హోమర్ హల్బర్టు కొరియా భాషను ద్రావిడ భాషలతో పోల్చి గ్రంథమే వ్రాసెను. ఆ చుట్టరికమును నేటి భాషావేత్తలు అంగీకరింపకున్నను, ఈ పోలిక మనకు లాభమే.

ఒక్కచోట జాగ్రత్త వలయును. గంటల కొక సంఖ్యావరుస, నిమిషముల కొకటి. మూడు గంటల మూడు నిమిషములను "సే సి సామ్ పున్" అందురు. ఇది యెరుగనివానికి రైలు తప్పవచ్చును.

ఫోను అనువదించునుగదా యందురేమో. ఫోను ఆరిపోవుటయు కలదు. అదియునుగాక, పరదేశి తడబడుచు "నమస్కారమండి" యని కొండదారి అడిగిన, మనము పని మాని తోడు పోమా? ఆ యాదరణ నోటిమాటకే దక్కును.

కావున విద్యార్థులారా, దినమునకొక మాట నల్లబల్లపై వ్రాసికొనుడు. ఒకరు ప్రయాణికుడుగను, ఒకరు గుమాస్తాగను మాటలాడి చూడుడు. పది దినములలో పది మాటలు మీవగును.