ఆకులు కాల్చొద్దు, మట్టికి ఇద్దాం

చలి తగ్గి ఎండలు మొదలయ్యేసరికి పాఠశాల ఆవరణలో ఆకులు రాలతాయి. వాటిని ఊడ్చి, ఒక మూల కుప్ప పోసి నిప్పు పెట్టడం మనం చాలా ఊళ్ళలో చూసిందే. అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మనకు ఊరు మారింది, చుట్టూ వినబడే భాష మారింది. ఈ పొగ మాత్రం మారలేదు. ఇది శుభ్రత కాదని, నేల నోటికాడి ముద్ద లాగేసుకోవడమని మా అభిప్రాయం.

లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని మనం చదువుకున్నాం. నేలలో కూడా ఎంజైములు ఉంటాయి. బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, మొక్కల వేర్లు వాటిని తయారుచేస్తాయి. సెల్యులేజ్ ఆకుల్లోని సెల్యులోజును విడగొడుతుంది. ఫాస్ఫటేజ్ సేంద్రియ పదార్థంలో చిక్కుకున్న భాస్వరాన్ని వేర్లకు అందే రూపంలోకి తెస్తుంది. యూరియేజ్ యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈ యూరియేజ్‌నే జేమ్స్ సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల నుంచి స్ఫటికాలుగా వేరుచేసి, ఎంజైము ఒక ప్రోటీను అని చూపారు. 1946లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

మరి నేలలో ఎంజైములు పెరగాలంటే ఏం కావాలి? సూక్ష్మజీవులకు తిండి కావాలి. ఆకులు, గడ్డి, పేడ వంటి సేంద్రియ పదార్థాలే ఆ తిండి. అవి కుళ్ళగా మిగిలే హ్యూమస్, మట్టిలోని బంకమన్ను కలిసి కొన్ని ఎంజైములను పట్టి ఉంచి, త్వరగా పాడవకుండా కాపాడతాయి. ఆకులు కాల్చితే కార్బన్, నత్రజని చాలావరకు పొగలో కలిసిపోతాయి. బూడిదలో కొన్ని ఖనిజాలే మిగులుతాయి. మంట కింద పైపొర మట్టి బాగా వేడెక్కితే అందులోని ఎంజైములూ దెబ్బతింటాయి.

అలాగని ఏ ఆకైనా తెచ్చి పరిస్తే చాలని మేము అనడం లేదు. సేంద్రియ పదార్థాలన్నీ ఒకేలా పనిచేయవు. కొన్ని ఆకుల్లోని టానిన్లు ప్రోటీన్లను పట్టుకుని ఎంజైముల పనిని నెమ్మదింపజేస్తాయి. వేపలోని కొన్ని పదార్థాలు అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా వేగాన్ని తగ్గిస్తాయి. దీనివల్ల నత్రజని వృథా కావడం తగ్గుతుంది. అందుకే మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత ఉండాలని ప్రభుత్వం 2015లో నిర్ణయించింది. ఇక, వట్టి ఎండుటాకులను నేరుగా మట్టిలో కలిపితే, వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని కొంతకాలం తామే వాడేసుకుంటాయి. కాబట్టి ఎండుటాకులకు పచ్చిగడ్డి, పేడ కలిపి, తడి ఆరకుండా చూస్తూ గుంతలో మాగనిచ్చి, ఆ తరువాతే మొక్కలకు వేయాలి.

ఆకుల గుంత ఉంటే పాములు, తేళ్ళు చేరతాయని పెద్దలు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. గుంతను ఆటస్థలానికి దూరంగా తవ్వించి, చుట్టూ కంచె కట్టించి, తిరగవేసే పని తోటమాలి చేతుల మీదుగా జరిపిస్తే సరిపోతుంది.

ఫలితం ఎలా తెలుస్తుందంటే, అందుకు మన ప్రయోగశాల ఉంది. గుంత ఎరువు వేసిన మట్టిని, వేయని మట్టిని సమానంగా తీసుకుని, ఉపాధ్యాయుల సమక్షంలో హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలు వేయాలి. కాటలేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి ఆక్సిజన్ బుడగలు పుట్టిస్తుంది. కొన్ని ఖనిజాల వల్ల కూడా బుడగలు వస్తాయి. అందుకని ప్రతి మట్టిలో కొంత భాగాన్ని బాగా వేడిచేసి చల్లార్చి, దానితోనూ పోల్చి చూడాలి.

“రెండు మూడేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళం, ఈ మట్టి మనకెందుకు?” అని కొందరు మిత్రులు అడగవచ్చు. మనం నీడన కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పే చెట్లను ఎవరు నాటారు? ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో కూడా మనకు తెలియని వాళ్ళు. వాళ్ళూ ఇలాగే లెక్క వేసుకుని ఉంటే మనకు ఎండే మిగిలేది.

వచ్చే ఆకురాలు కాలానికి ఒక్కో హౌస్‌కు ఒక్కో గుంత కేటాయించమని ప్రిన్సిపాల్ గారిని కోరదాం. అగ్గిపెట్టె కంటే పార మంచి పనిముట్టు.