పాత లారీ పంపుకు సీలు వేయించండి

ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్ గారికి,

టాటా 697, కమిన్స్ 5.9 లీటర్ల పాత ఇంజన్లను విజయవాడ ఆటోనగర్‌లో బాగుచేయించుకుని బతుకుతున్న చిన్న యజమానులం. ఇంజన్‌కు డీజిల్ అందించేది కంప్యూటర్ లేని మెకానికల్ పంపు కాబట్టి బండి దారిలో ఆగినా అక్కడి మెకానిక్కే సరిచేస్తాడు. అందుకే వీటిని ఎంచుకుంటాం. కొనేముందు ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత తన్నుతోందో చూస్తాం, రేడియేటర్‌లో ఆయిల్ తెట్టు ఉందేమో చూస్తాం. మీటరు రీడింగ్‌ను అంతగా నమ్మం.

మీ ఫిట్‌నెస్ తనిఖీలో మాత్రం ఇంజన్‌కు అసలు పరీక్ష పొగే. బీఎస్-4కు ముందటి డీజిల్ బండికి పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. పరీక్ష రోజుకు పంపులో డీజిల్ తగ్గించి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ పెంచేవాళ్లున్నారు. అలా పెంచితే ఊరికి నల్లపొగ, ఇంజన్‌కు చేటు: కాలకుండా మిగిలిన డీజిల్ లైనర్ల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ఎగువకు లోడుతో ఎక్కేటప్పుడు పిస్టన్లు మాడతాయి. ఓవర్‌లోడ్ ఆశే దీనికి మూలం.

కాలిబ్రేషన్ అయిన పంపులో డీజిల్‌ను పరిమితం చేసే స్టాప్ స్క్రూకు సీలు తప్పనిసరి చేయండి. రోడ్డు తనిఖీల్లోనూ ఆ సీలు చూడమనండి. పొగ పరీక్ష మాత్రం ఇంజన్ బాగా వేడెక్కాకే చేయించండి, చల్లటి ఇంజన్ మీద మంచి బండి కూడా తప్పుతుంది. ఉత్తర్వులు రాసేముందు ఆటోనగర్ పంపు మెకానిక్కులను పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
ఒక లారీ యజమాని, విజయవాడ