కొండ నాలుకకు మందు

మన తెలుగువారి విందుల్లో ఇళ్ళ ధరలు, పిల్లల చదువులు, ఇండియా టిక్కెట్లు ఎప్పుడూ ఉండే కబుర్లే. ఈమధ్య వాటి సరసన పిస్తోలు కూడా చేరింది. ఎవరు ఏ కంపెనీది కొన్నారు, ఎన్ని తూటాలు పడతాయి, చొక్కా కింద దోపుకుంటే బయటికి కనిపిస్తుందా అని పులిహోర వడ్డించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. ఈ ధోరణిని మేము వ్యతిరేకిస్తున్నాము. తుపాకి ముఖం చూడకుండా కాదు. రేంజికి వెళ్ళి, చేత్తో పట్టుకుని, కాల్చి చూసి మరీ వ్యతిరేకిస్తున్నాము.

కొనేవారి భయం ఉత్తదని మేము అనము. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు జాతి విద్వేషంతో కాల్చి చంపాడు. పక్కనున్న మిత్రుడు అలోక్ మాదసాని, ఆ హంతకుణ్ణి ఆపబోయిన ఇయాన్ గ్రిల్లట్ గాయపడ్డారు. దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేసే మన పిల్లలు కాల్పులకు బలైన వార్తలు ఆ తర్వాతా విన్నాం. జబ్బు నిజమే. మందే తప్పు.

మిత్రులొకరు కొత్తగా కొన్న చిన్న పిస్తోలుతో మొదటిసారి రేంజికి వెళుతూ మమ్మల్ని కూడా పిలిచారు. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా, మూడంగుళాల గొట్టం, అరచేతిలో ఇమిడిపోయే పిడి. దాచుకోవడానికి ఎంత అనువో, కాల్చడానికి అంత కష్టం. తేలిక కనుక పేలినప్పుడు వెనక్కి గట్టిగా తంతుంది. పిడి మీద చిటికెన వేలికి చోటు చాలదు. గొట్టం పొట్టి కనుక గురిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కాగితం మీద అంగుళాలవుతుంది. మొదటి పది తూటాల్లో సగం గురికి కిందగా, ఎడమగా పోయాయి. పేలబోతుందని తెలిసిన చెయ్యి పేలకముందే ఉలిక్కిపడుతుంది. కొత్తగా కాల్చే కుడిచేతివాటం వారికి తరచు జరిగేదే ఇది. యాభై తూటాల పెట్టె ఖాళీ అయ్యేసరికి ఏడు గజాల దూరంలోని కాగితపు మనిషి గుండెల నిండా చిల్లులు పడ్డాయి. “ఇక ఇంటికి దిగుల్లేదు” అన్నారు మిత్రులు.

దేనికి దిగుల్లేదని మా ప్రశ్న. కాగితం కదలదు, కేకవెయ్యదు, తిరిగి కాల్చదు. అర్ధరాత్రి మంచినీళ్ళ కోసం లేచి వచ్చిన కన్నబిడ్డలా చీకట్లో ఎదురుపడదు. ప్రాణభయం కలిగినప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్ళు వణుకుతాయి, చుట్టుపక్కల చూపు మందగిస్తుంది. ఇది మేము వైద్య కళాశాలలో అడ్రినలిన్ పాఠంలో చదువుకున్నదే. ఏడు గజాల కాగితం ఆ పాఠానికి పరీక్ష కాదు. ఆ కాస్త పరీక్ష కూడా ఇప్పుడు అందరికీ లేదు. టెక్సాస్‌లో లైసెన్సు కావాలంటే మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి యాభై తూటాలు కాల్చి 250 మార్కులకు 175 తెచ్చుకోవాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి, తుపాకి కలిగివుండే అర్హత ఉన్న 21 ఏళ్ళవారు ఆ లైసెన్సు లేకుండానే నడుముకు పెట్టుకుని తిరగవచ్చు. కారు నడపడానికి పరీక్ష ఉంది, దీనికి లేదు!

చట్టం సంగతి ఇంకొకటి ఉంది. విద్యార్థి వీసా, హెచ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకి కలిగివుండటం ఫెడరల్ నేరం. మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న బావమరిది చేతికి సరదాగా పిస్తోలు ఇచ్చారంటే అతని భవిష్యత్తుతో చెలగాటమాడినట్టే.

ఇక డాక్టర్లుగా మేము చెప్పవలసింది. 2021లో ఈ దేశంలో తుపాకి వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో 26,328 మందిది ఆత్మహత్య. అంటే సగానికి పైగా ప్రాణాలు తీసినవాడు కిటికీ దూకి వచ్చిన దొంగ కాదు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి తుపాకి సొంతంగా ఉన్న మగవారు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం లేనివారికంటే సుమారు ఎనిమిది రెట్లు, ఆడవారిలో సుమారు 35 రెట్లు ఎక్కువని తేలింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడ్డవారిలో నూటికి సుమారు 90 మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఆ గడియ దాటితే మనిషి మళ్ళీ బతుకుతాడు. తుపాకి ఆ గడియ దాటనివ్వదు.

ఇది మనకు పట్టని లెక్క అనుకోవద్దు. మన ఇళ్ళలో దిగులు జబ్బు లేదా? ఉద్యోగం పోయిందని నలుగురిలోకి రావడం మానేసినవారు లేరా? మంచి కాలేజీలో సీటు రాలేదని తలుపు వేసుకున్న పిల్లలు లేరా? ఉన్నారు. పరువు పోతుందని మనం పైకి చెప్పము, డాక్టరు దగ్గరికి పంపము. పొరుగు తెలుగువాడికి తెలియకుండా దాచిన దిగులు ఒక గదిలో, దొంగ కోసం దాచిన పిస్తోలు పక్కగదిలో! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగకు మనమే తాళంచెవి ఇస్తున్నాము.

కనుక మేము కోరేది ఇది. కొనని వారు కొనవద్దు. కొన్నవారు తూటాలు తీసివేసి పిస్తోలును ఒకచోట, తూటాలను మరొకచోట తాళం వేసి ఉంచాలి. తాళంచెవి పిల్లలకు అందకూడదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేకపోతే, కుదుటపడేదాకా పిస్తోలును ఇల్లు దాటించాలి. 2022 నుంచి 988 నంబరు దేశమంతటా పనిచేస్తోంది. ఫోను పక్కన రాసిపెట్టండి. పిల్లలను మరొకరింట్లో రాత్రి పడుకోబెట్టేముందు “మీ ఇంట్లో తుపాకి ఉందా? తాళంలో ఉందా?” అని అడగండి. వేరుశనగ పడదని చెప్పడానికి లేని మొహమాటం దీనికెందుకు? మనలోని డాక్టర్లు రోగులను కూడా అడగాలి. అలా అడగకుండా ఫ్లోరిడాలో 2011లో ఒక చట్టమే చేశారు. 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు అందులోని ఆ నిబంధనను కొట్టివేసింది. అడిగే హక్కు ఉంది. నోరు విప్పడమే మిగిలింది.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఊరికే అనలేదు. రోగికి మందు రాసేముందు దాని వల్ల కలిగే కీడెంతో చూడమని మా వృత్తి మాకు నేర్పింది. మన ఇళ్ళకు ఆ మందు మేము రాయము.