మిషనరీ విద్య: మనం నేర్వవలసిన పాఠం

ఆంధ్రదేశంలో ఆధునిక విద్యా చరిత్రను ప్రస్తావించేవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. క్రైస్తవ మిషనరీలు రాకపోతే మనకు చదువే అబ్బేది కాదని ఒక పక్షం, వారి పాఠశాలలన్నీ మతమార్పిడికి పన్నిన వలలేనని మరొక పక్షం వాదిస్తాయి. రెండింటిలోనూ ఉన్నది సగం సత్యమేనని మా అభిప్రాయం. మైనారిటీ కళాశాలలో చదివేవారికి, చదువు చెప్పేవారికి, దానిని నడిపే పెద్దలకు ఈ చరిత్ర పూర్తిగా తెలిసి ఉండటం అవసరం.

మిషనరీలు మొదట భాషను ఆశ్రయించారు. 1805లో విశాఖపట్టణం చేరిన లండన్ మిషన్ వారు తెలుగు నేర్చి సువార్తల అనువాదానికి పూనుకొన్నారు. శ్రీరాంపురంలో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించాడు. వారి లక్ష్యం మతప్రచారమే. అయినా ఆ కృషి వల్ల తెలుగు అచ్చుకు, వచనానికి మేలు జరిగిందనుటలో సందేహం లేదు.

విద్యారంగంలో వారి గుణదోషాలు రెండూ మచిలీపట్టణంలో ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. 1843లో రాబర్ట్ నోబుల్ అక్కడ నెలకొల్పిన ఆంగ్ల పాఠశాల ప్రధానంగా అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. సర్వమానవ సమానత్వాన్ని బోధించే పాఠశాల కులభేదానికి తలవంచింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా తరగతులు ఖాళీ అయినాయి. అటుపిమ్మట జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా మతం మారి, కేంబ్రిడ్జిలో చదివి, తానే మిషనరీ అయినాడు. కనుక ఆనాటి మన పెద్దల భయం కేవలం అపోహ కాదు.

నాణేనికి రెండవవైపు కూడా చూడాలి. 1876-78 నాటి ఘోరమైన కరవులో ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగాన్ని తాను గుత్తకు తీసుకొని, అస్పృశ్యులుగా వెలివేయబడిన మాదిగలకు కూలి కల్పించాడు. కూటికోసం మతం మారినారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలను ఆపి ఉంచాడు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది ఎవరి విజయం? మిషనరీ విజయం అనేకన్న, తన బిడ్డలనే గడప బయట నిలిపిన సమాజపు ఓటమి అనటం న్యాయం. గుంటూరులో 1883 నుండి స్త్రీలకు వైద్యసేవ చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను కూడా ఈ సందర్భంలో స్మరించక తప్పదు.

అయితే పాలకుల నీడలో పెరిగిన ఆ విద్య స్వదేశీయ సంస్కృతిని చిన్నచూపు చూసింది. మన కావ్యాలు, మన ఆచారాలు అజ్ఞానానికి గుర్తులన్న భావాన్ని లేత మనస్సులలో నాటింది. దానికి జడిసి ముస్లింలలో అనేకులు ఆంగ్ల విద్యకే దూరమైనారు. మన వెనుకబాటును 1882 నాటి హంటర్ కమిషన్ గుర్తించవలసి వచ్చింది. దూరంగా ఉండటం సమాధానం కాదని గ్రహించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో పాఠశాల స్థాపించారు. ఆధునిక శాస్త్రాలను దేశభాషలో బోధించవచ్చునని 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ ద్వారా నిరూపించింది.

నేడు రాజ్యాంగపు 30వ అధికరణం మనకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. ఆ హక్కును సుప్రీంకోర్టు 1974లో దృఢపరచినది అహమ్మదాబాదులోని ఒక క్రైస్తవ కళాశాల వ్యాజ్యంలోనే. నిర్వహణ హక్కు దుర్నిర్వహణకు హక్కు కాదని కూడా ఆ తీర్పులో ఉన్నది.

ఈ మాట మనకెందుకు? ఏటా పరీక్ష రుసుము గడువు దాటేసరికి మా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీ అవుతాయి. రిక్షా తొక్కేవాని కుమారుడు, బీడీలు చుట్టే తల్లి కుమార్తె మళ్లీ కనిపించరు. మిషనరీని విమర్శించే ముందు, వారిని వెదుకుతూ మనలో ఎవరైనా వారి ఇంటి గడపకు వెళ్లామా అని ప్రశ్నించుకోవాలి. రుసుము కట్టలేనివారికి ఒక నిధి ఏర్పరచటం, బాలికల వసతిగృహానికి స్థలం చూడటం కమిటీ పెద్దలకు అసాధ్యం కాదు. ఉర్దూ విద్యార్థికి తెలుగును, తెలుగు విద్యార్థికి ఉర్దూను ప్రేమతో నేర్పటం అధ్యాపకులమైన మా బాధ్యత. ఆ పిల్లలు ఏ మతంవారైనా సరే, ప్రతిఫలం కోరకుండా చదువు చెప్పాలి. మిషనరీలలో పెక్కుమంది చేయలేని పని అదే.

మైనారిటీ అన్న పేరు మనకు నీడనిచ్చే చెట్టు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనే స్థితికి మన కళాశాల ఎన్నడూ దిగజారకుండుగాక!