‘ఇగో, ఇట్ల’ అంటే ఎట్ల సారూ?

ఒక్క పని చెయ్యుండ్రి. మీ పిల్లలు ఫోన్ల చూసే లెక్కల పాఠం ఏదన్న ఒకటి పెట్టి, రెండు నిమిషాలు కండ్లు మూసుకొని ఇనుండ్రి. సార్ ఏమంటడు? "ఇప్పుడు దీన్ని దీంతోటి కొట్టేస్తే ఇది వస్తది. దాన్ని ఇటు తెస్తే, ఇగో, ఇదే ఆన్సర్." అయిపాయె. ఏం సమజైంది? ఏ అంకెను దేంతోటి కొట్టేసిండో, ఏది ఎటు తెచ్చిండో ఒక్కటి తెల్వది. చూసెటోనికి గది పాఠం, చూపు లేనోనికి వట్టి చప్పుడు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల చూపు లోపం ఉన్నోళ్లు 50 లక్షల మందికి పైనే. గది పాత లెక్క. అప్పటికి చదువంటే బడి, పుస్తకం. ఇప్పుడు చదువు వీడియోలకెక్కింది. కరోనా వచ్చి బడులు మూతపడ్డంక, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంల సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిల, టీ-శాట్‌ల పాఠాలు మొదలైనయి. బడులు తెరిచినా వీడియో మాత్రం పోలే. కోచింగుల పాఠం వీడియోల్నే, కుట్టు మిషన్ నేర్చుకునుడు వీడియోల్నే, ఆన్‌లైన్‌ల దరఖాస్తు ఎట్ల నింపాల్నో చెప్పుడు వీడియోల్నే. అందరికీ తలుపు తెరిచినమని మనం సంబురపడ్డం. కొందరికి గదే తలుపు మూసుకున్నది.

"కింద అక్షరాలు వేస్తున్నం కద" అంటరు కొందరు. గది చెవుడున్నోళ్లకు అక్కరకొస్తది, చూపు లేనోళ్లకు కాదు. మాటే లేకుంట వెనుక మ్యూజిక్ పెట్టి, తెర మీద అక్షరాలు తిప్పే వీడియోలైతే మరీ అన్యాయం. ఫోన్‌ల టాక్‌బ్యాక్, కంప్యూటర్‌ల ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్లు తెర మీది రాతను చదివి ఇనిపిస్తయి. తెలుగు సుత చదువుతయి. గాని వీడియో లోపల బొమ్మలెక్క అతికించిన అక్షరం వాటికి రాత కాదు, ఉత్త బొమ్మ.

మరి దీనికి చట్టం లేదా అంటే, ఉన్నది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల 42వ సెక్షన్ సాఫ్‌గనే చెప్పింది. ఎలక్ట్రానిక్ మీడియాల వచ్చేది అందరికీ అందాలె, చూపు లేనోళ్లకు కనబడేదాన్ని మాటల్ల చెప్పే ఆడియో వివరణ ఉండాలె, చెవుడున్నోళ్లకు సైగల భాష, కింద అక్షరాలు ఉండాలె, గివన్ని చూసుకునుడు సర్కారు బాధ్యత. చట్టం తప్పితే జరిమానా మొదటిసారి 10 వేల దాంక, మల్ల తప్పితే 50 వేల నుంచి 5 లక్షల దాంక.

చట్టం గట్టిగనే ఉన్నది గాని, దానికింద రాసిన రూల్స్ ‘చేస్తే మంచిది’ అన్నట్టు ఉన్నయి. చూపు లేని రాజీవ్ రటూరి అనే ఆయన 2005ల వేసిన కేసుల సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న గిదే తేల్చింది. అందుబాటు అనేది సలహా కాదు, తప్పనిసరి అన్నది. చట్టానికి ఎదురుపోతున్నదని 15(1) రూల్‌ను కొట్టేసి, మూడు నెలల్ల తప్పనిసరి ప్రమాణాలు తయారు చెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఈ కేసుల కోర్టుకు రిపోర్టు ఇచ్చింది ఎవరో కాదు, మన శామీర్‌పేట కాడున్న నల్సార్ యూనివర్సిటీల దివ్యాంగుల అధ్యయన కేంద్రం. మల్ల 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పుల, డిజిటల్ సేవలు అందుడు సుత రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుల భాగమే అన్నది సుప్రీంకోర్టు.

ఇది ఉత్త మర్యాద ముచ్చట కాదు, కొలువుల ముచ్చట. అదే 2016 చట్టం సర్కారు కొలువుల్ల దివ్యాంగులకు 4 శాతం కోటా పెట్టింది. అందుల 1 శాతం చూపు లోపం ఉన్నోళ్లది. మరి ఆ పరీక్షకు తయారయ్యే పాఠమే అందకపోతే కోటా ఏం చేసుకోవాలె? పోటీకి రమ్మని పిలిచి, పుస్తకం దాచిపెట్టినట్టు కాదా?

"చేద్దుము గాని పైసలు యాడికెళ్లి వస్తయి?" అంటరు. ఇగ అసలు ముచ్చట గిదే. సినిమాకైతే మాటల నడుమ జాగ చూసి, వేరే గొంతుతోటి వివరణ రికార్డు చెయ్యాలె. దానికి ఖర్చున్నది. పాఠానికి గంత అక్కరలే. మాట్లాడేది పంతులే, బోర్డు మీద రాసేది పంతులే. రాసింది నోటితోటి చెప్తే సాలు. "దీన్ని దీంతోటి కొట్టేస్తే" అనే బదులు "పైనున్న 12ను, కిందున్న 18ని 6తోటి కొట్టేస్తే పైన 2, కింద 3 మిగుల్తయి" అంటే అయిపాయె. మ్యాపు మీద కట్టె పెట్టి "ఇక్కడ మొదలై, ఇట్లొచ్చి, ఇటు పోతది" అనుడు ఎందుకు? "గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి కాడ తెలంగాణలకు వస్తది, ఆడనే మంజీర కలుస్తది, భద్రాచలం దాటినంక ఆంధ్రలకు పోతది" అంటే చూపున్న పిల్లగానికి సుత యాదుంటది.

వంటైనా అంతే. "సకినం ఇగో ఇట్ల సుట్టాలె" అంటే ఎవలికి తెలుస్తది? "బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండిని మెలితిప్పుకుంట, లోపలి నుంచి బయటికి మూడు నాలుగు సుట్లు గుండ్రంగ పొయ్యాలె" అంటే చేతికి తెలుస్తది. మన అమ్మమ్మలు కొలతలు, గుర్తులు నోటితోటే చెప్పిండ్రు. రేడియోల క్రికెట్ కామెంటరీ ఇన్నోళ్లకు బాల్ యాడికి పోయిందో కనబడ్డట్టే ఉండె. గంత మాట నేర్పున్న మనం, కెమెరా వచ్చినంక మాటను మర్శిపోయినం.

"ఏఐ వచ్చింది, అదే చెప్తది" అనేటోళ్లు సుత ఉన్నరు. బొమ్మల ఏమున్నదో మిషన్ చెప్పొచ్చు. గాని బోర్డు మీది పది గీతల్ల పిల్లగానికి గావలసింది ఏ గీతనో తెలిసింది పంతులుకే.

గందుకే సర్కారును అడిగేటివి మూడే. ఒకటి, సర్కారు పైసలతోటి తీసే ప్రతి పాఠంల, తెర మీద కనబడేది మాటల్ల వచ్చుడు ఒప్పందంలనే షరతు గావాలె. రెండు, కెమెరా ముందు నిలబడే పంతుళ్లకు ఒక్క పూట దీని మీద ట్రైనింగ్ ఇయ్యాలె. మూడు, వీడియో బయటికి వచ్చేముందు చూపు లేని ఒక్క విద్యార్థికి ఇనిపించి, సమజైందా లేదా అడగాలె. ఆ పిల్ల "సమజైంది" అంటేనే విడుదల.

సొంతంగ వీడియోలు తీసెటోళ్లకు, సార్లకు, అక్కలకు ఒక్కటే మాట. అప్‌లోడ్ చేసేముందు కండ్లు మూసుకొని మీ వీడియో మీరే ఒక్కసారి ఇనుండ్రి. ‘ఇది’, ‘ఇక్కడ’, ‘ఇట్ల’ అన్న కాడల్ల ఆగి, అది ఏందో, యాడనో, ఎట్లనో చెప్పుండ్రి. గంతే.