పెళ్లి సీడీల సంగతి మనమే చూడాలి

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లల్లో డీవీడీని డీవీడీ అని పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అది 'పెళ్లి సీడీ'నే. బీరువాలో పట్టుచీరల కిందో, టీవీ స్టాండ్ సొరుగులోనో, స్టూడియో వాళ్లిచ్చిన ప్లాస్టిక్ పెట్టెలో పడుంటుంది. వీడియో క్యాసెట్లు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చేలోపు ఓ పదేళ్లు, మన పెళ్లిళ్లూ, ఓణీల ఫంక్షన్లూ, గృహప్రవేశాలూ, ఊరి అమ్మవారి పండగలూ అన్నీ ఈ డిస్కుల మీదే ఉండిపోయాయి. చాలా ఇళ్లల్లో ఉన్నది ఒక్కటే కాపీ. తీసిన స్టూడియో వాళ్ల దగ్గర ఇప్పుడు ఉంటుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే వాళ్లు క్యాసెట్ మీద మళ్లీ రికార్డ్ చేస్తారు, హార్డ్ డిస్క్ నిండితే ఖాళీ చేస్తారు.

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాం అని చెప్పుకునే మనం ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి ప్రాజెక్ట్ ఈ డిస్కులేనని నా అభిప్రాయం. గిట్‌హబ్‌లో పెట్టుకోవడానికి పనికిరాదు, రెజ్యూమేలో రాసుకోలేం. అయినా చేయాలి.

"మూడు గంటల పెళ్లి వీడియో ఎవడు చూస్తాడ్రా బాబూ?" అంటారు. నిజమే, పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూడా పూర్తిగా చూసి ఉండరు. కానీ ఆ వీడియోలో చూడాల్సింది వాళ్లని కాదు. భోజనాల బంతిలో వడ్డిస్తున్న తాతని, పందిట్లో మూల కూర్చుని ఎవరినో కేకేస్తున్న నాయనమ్మని. వాళ్లు పోయాక ఫోటో మిగులుతుంది, గొంతు మిగలదు. "ఏటి ఇంకా రాలేదు, ఎల్లి పిలు" అని ఆ యాసలో పలికిన ఒక్క ముక్క దొరకాలంటే ఆ డిస్కే గతి. అది కూడా అంత సులువు కాదు. ఎడిటింగ్ చేసినవాళ్లు సగం వీడియో మీద సినిమా పాటలు పెట్టేశారు కదా! అసలు గొంతులు వినిపించేది అప్పగింతల దగ్గరో, ఆశీర్వచనాల దగ్గరో కొన్ని నిమిషాలే. అందుకే ఆ నిమిషాలకి అంత విలువ.

ఇంటి సంగతి పక్కనపెట్టి ఊరి సంగతి చూడండి. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్లు మన ఉత్తరాంధ్ర సొత్తు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను చివర పూజారి కూర్చుని ఉండగా మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. సిరిమానుని టీవీ వాళ్లు తీస్తారు, అది ఎక్కడో ఒకచోట ఉంటుంది. మన ఊరి గ్రామదేవత పండగలో ఆడిన తప్పెటగుళ్ల జట్టుని ఏ చానల్ తీసింది? ఊళ్లో చందాలేసి ఓ వీడియోగ్రాఫర్‌ని పెట్టుకుంటే ఆయన తీశాడు. ఆ డిస్కు కమిటీలో ఒకరి ఇంట్లో ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెబుతుంటే ఎలా ఉండేదో మనం పుస్తకాల్లో చదివి ఊహించుకోవడమే. ఆయన 1945లో పోయారు, అప్పుడు ఇంటింటా కెమెరా లేదు. మనకి కెమెరా ఉంది, తీశారు, డిస్కూ చేతిలో ఉంది. ఇంత ఉండీ పోగొట్టుకుంటే ఏం సమాధానం చెప్తాం?

పోవడం అంటే ఎప్పుడో వందేళ్లకి కాదు. ఇంట్లో రాసే డీవీడీలో డేటా ఉండేది ఒక రంగు పొర మీద. రెండు సన్నని ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఆ పొరని పెట్టి అంటించేస్తారు. ఎండ తగిలితే రంగు మారుతుంది, చెమ్మ తగిలితే అంచు దగ్గర అతుకు వదులుతుంది. మనదేమో సముద్రపు గాలి. పైగా తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ పక్కనే గోపాలపూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని ముంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, విజయనగరం, శ్రీకాకుళం రెండూ దెబ్బతిన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. రేకులు ఎగిరిపోయిన ఇంట్లో బియ్యం, కాగితాలు చూసుకుంటారు గానీ సీడీలు ఎవరు చూసుకుంటారు?

ఇక డిస్కు బాగున్నా దాన్ని చదివే మెషీన్ పోతోంది. మన క్లాసులో ఎంతమంది ల్యాప్‌టాప్‌లకి డీవీడీ డ్రైవ్ ఉందో లెక్కపెట్టండి. యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఒకటి కొంటే హాస్టల్‌లో ఓ ఫ్లోర్ మొత్తానికి సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. గూగుల్‌లో 'ఫ్రీ డీవీడీ రిప్పర్' అని కొట్టి మొదట వచ్చింది దింపేయకండి. వాటిలో చాలావరకు ఐదు నిమిషాల వీడియో తీసి మిగతాదానికి డబ్బులు అడిగేవే. నేను చూసేది ఒకటే: డిస్కులో ఉన్నది ఉన్నట్టు తీస్తుందా, లేక మార్చి తీస్తుందా? ఈ రెండూ వేర్వేరు పనులు, రెండూ కావాలి. కానీ ఉన్నది ఉన్నట్టు తీయడం ముందు జరగాలి.

ఉన్నది ఉన్నట్టు అంటే ఐఎస్‌ఓ ఫైల్. మామూలు డీవీడీ 4.7 జీబీ, అంత సైజు ఫైల్ ఒకటి తయారవుతుంది. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ చాలు, ఉచితం. ఐ ఎం జీ అని రాసి పక్కనే బర్న్ అని కొడితే దొరుకుతుంది. 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా పని చేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి టిక్కూ చదివి నొక్కండి. లినక్స్ వాడేవాళ్లకి గ్నూ వాళ్ల డీడీరెస్క్యూ ఉంది. గీతలు పడ్డ డిస్కులకి దాన్ని మించింది నాకు తెలియదు. గీత దగ్గర ఇరుక్కుపోకుండా ముందు బాగున్న సెక్టార్లన్నీ తీసేస్తుంది, తర్వాత వెనక్కొచ్చి పాడైన వాటి మీద మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. కాబట్టి అదే డిస్కుని ఇంకో ఫ్రెండ్ డ్రైవ్‌లో పెట్టి, అదే మ్యాప్ ఫైల్‌తో మిగిలిన సెక్టార్లకి మాత్రమే ప్రయత్నించొచ్చు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం మామూలే. సెక్టార్ సైజు 2048 బైట్లు అని ఇవ్వడం మర్చిపోకండి. డిస్కు తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు.

"ఇంత గోల దేనికి, ఫోల్డర్ ఓపెన్ చేసి వీఓబీ ఫైళ్లు కాపీ పేస్ట్ చేస్తే పోలా?" అనొచ్చు. తాళం లేని డిస్కు కాబట్టి కాపీ అవుతాయి కూడా. కానీ డీవీడీలో సినిమా ఒక్కో జీబీ ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది, చాప్టర్ ఎక్కడ మొదలవుతుంది అన్నది పక్కనున్న ఐఎఫ్‌ఓ ఫైళ్లలో ఉంటుంది. నాలుగు ముక్కలు ఏరుకొస్తే తలంబ్రాలు సగంలో తెగిపోతాయి.

రెండో పని, ఫోన్‌లో చూసుకోవడానికి చిన్న కాపీ. దీనికి హ్యాండ్‌బ్రేక్. ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో ఉంది. ఐఎస్‌ఓనే దానికి ఇవ్వండి, డిస్కుని మళ్లీ తిప్పక్కర్లేదు. రెండు జాగ్రత్తలు. డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి, లేకపోతే మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. 1080పీ చేద్దామని ఆశపడొద్దు. డిస్కులో ఉన్నది 720 బై 576 మాత్రమే, పెంచితే ఫైల్ పెరుగుతుంది గానీ తాత ముఖం స్పష్టంగా మారదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అసలు సైట్ నుంచే దింపి చెక్‌సమ్ సరిచూడండి. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి ఎవరో చొరబడి మ్యాక్ వెర్షన్ స్థానంలో వైరస్ ఉన్న ఫైల్ పెట్టారు. అంత పేరున్న సాఫ్ట్‌వేర్‌కే జరిగింది.

చాలామంది హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 చేసేసి, డిస్కు పారేసి, బ్యాకప్ అయిపోయింది అనుకుంటారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎంపీ4 చేయడంలో కొంత బొమ్మ పోతుంది, పోయింది తిరిగి రాదు. ఐఎస్‌ఓ ఉంటే రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు.

షాపులో కొన్న సినిమా డీవీడీల మాటేంటి? వాటిలో చాలావాటికి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను దాన్ని తీయదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానిలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని స్పష్టంగా ఉంది. సినిమా గురించి అంత స్పష్టంగా లేదు, సొంత వాడకానికి న్యాయమైన వినియోగం అనే మినహాయింపు మాత్రం ఉంది. 2012 సవరణలో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కులు ఉల్లంఘించాలనే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు అంటుంది. ఉద్దేశం అన్న మాట ముఖ్యం. కొన్న డిస్కుకి ఇంట్లో ఒక కాపీ వేరు, టెలిగ్రామ్‌లో పెట్టడం వేరు. రెండోదాన్ని బ్యాకప్ అని పిలిచి మనల్ని మనం మోసం చేసుకోవద్దు. ఎలాగూ సినిమా ఇంకెక్కడో దొరుకుతుంది, అమ్మమ్మ గొంతు దొరకదు. కాబట్టి ముందు పెళ్లి సీడీలు.

తీసింది ఎక్కడ దాచాలి? ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 సూత్రం మనకి బాగా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. మన ఇళ్లల్లో ఆ 'వేరే చోట' వెతుక్కోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పని చేసుకుంటున్న బావో, అక్కో, చిన్నాన్నో ప్రతి ఇంటికీ ఉన్నారు. ఒక హార్డ్ డిస్క్ వాళ్ల దగ్గర పెట్టండి. అక్టోబరులో ఇక్కడ గాలి వీచినా అక్కడ ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టేస్తే చాలు అనుకోవద్దు. వెనకాల ఉన్న సినిమా పాటకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందంటే ఆడియో మ్యూట్ అయ్యే అవకాశం ఉంది. మనకి కావాల్సింది ఆ ఆడియోనే కదా!

చివరగా, ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని ఒకటి ఉంది. ఐఎస్‌ఓ తయారవడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. అయ్యాక దాన్ని వీఎల్‌సీలో పెట్టి ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. "ఈయన ఎవరు, మనకేం అవుతారు, ఏ ఊరు?" అని అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో నిమిషాల వారీగా రాసి, ఐఎస్‌ఓ పక్కనే దాచండి. తెలుగులోనే రాయండి, యూనికోడ్ ఉన్నది అందుకే. పేర్లు తెలిసినవాళ్లు ఉన్నప్పుడే ఇది అవుతుంది. మీ ఇల్లు అయ్యాక పక్కింటివాళ్ల సీడీలు అడగండి, ఆ తర్వాత పండగ కమిటీ వాళ్లవి. "ఈ పాత సీడీలు ఏటి సేస్తావ్?" అని నవ్వుతారు. ఇచ్చేస్తారులెండి.